పదబంధమా, ఉపవాక్యమా? ఆంగ్ల పాఠశాల వ్యాకరణ విభజన – తెలుగు వాక్యం : ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంగ్ల పాఠశాల వ్యాకరణం ఫ్రేజ్‌ను, క్లాజ్‌ను వేరు చేయడానికి ఆచరణలో సమాపక క్రియనే గీటురాయిగా వాడుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు సంశ్లిష్ట వాక్యాన్ని నిర్వచించేటప్పుడు అసమాపక క్రియను ఆధారం చేసుకుంటాయి. ఫలితంగా ఒకే నిర్మాణం ఒక తరగతిలో సామాన్య వాక్యంగాను, మరొక తరగతిలో సంశ్లిష్ట వాక్యంగాను లెక్కకు వస్తోంది. ఈ వైరుధ్యానికి మూలం రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపివేయడమేనని, ఉపవాక్యాన్ని గుర్తించడానికి ఉద్దేశ్య విధేయ సంబంధమే తగిన ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు : పదబంధం, ఉపవాక్యం, సమాపకత, సంశ్లిష్ట వాక్యం, ధాతుజ విశేషణం, ఉద్దేశ్య విధేయ సంబంధం.

1. ప్రవేశిక

‘రవి పని ముగించుకొని ఇంటికి వెళ్ళాడు’ అనే వాక్యాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇచ్చి, ఇది ఏ రకం వాక్యమని తెలుగు తరగతిలో అడిగితే ‘సంశ్లిష్ట వాక్యం’ అంటాడు. పాఠ్యపుస్తకం చెప్పే నిర్వచనం ప్రకారం ఆ సమాధానం సరైనదే. ఇందులో ‘ముగించుకొని’ అసమాపక క్రియ, ‘వెళ్ళాడు’ సమాపక క్రియ. అదే విద్యార్థి తరువాతి గంటలో ఆంగ్ల తరగతిలో కూర్చుంటాడు. అక్కడ ‘హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, రవి వెంట్ హోమ్’ అనే వాక్యం ఎదురవుతుంది. ఇది సింపుల్ సెంటెన్స్ అని, ‘హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్’ అన్నది ఫ్రేజ్ మాత్రమేనని, కాంప్లెక్స్ సెంటెన్స్ కావాలంటే దానిని ‘వెన్’ లేదా ‘ఆఫ్టర్’ చేర్చి క్లాజ్‌గా మార్చాలని అతనికి బోధిస్తారు. రెండు వాక్యాల అర్థం ఒకటే, పనుల వరుస ఒకటే. సింపుల్‌కు సామాన్యమని, కాంప్లెక్స్‌కు సంశ్లిష్టమని అనువాదం కూడా స్థిరపడి ఉంది. అయినా వర్గీకరణ తలకిందులవుతుంది.

రెండు భాషల వ్యాకరణాలు వేరు కాబట్టి సమాధానాలు వేరుగా ఉండడం సహజమని సరిపెట్టుకోవచ్చు. కాని భేదం ఇక్కడ భాషల నిర్మాణంలో కంటే వాటిని కొలిచే కొలబద్దలోనే ఎక్కువగా ఉంది. ఫ్రేజ్, క్లాజ్ అనే విభజన ఆంగ్లంలో దేనిమీద నిలబడిందో, అదే విభజనను పదబంధం, ఉపవాక్యం అన్న పేర్లతో తెలుగుకు అన్వయించినప్పుడు ఎక్కడ నిలవలేకపోతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆంగ్ల పాఠశాల వ్యాకరణంలో విభజన

మన పాఠశాలల్లో ఆంగ్ల వ్యాకరణ బోధనను తీర్చిదిద్దిన గ్రంథాలలో రెండింటిని ప్రధానంగా చెప్పుకోవాలి. ఒకటి భారతదేశంలో విద్యాశాఖలో పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ 19వ శతాబ్ది చివరలో వెలువరించిన వ్యాకరణ గ్రంథావళి. రెండవది పి.సి. రెన్, హెచ్. మార్టిన్ 1930లలో భారతీయ విద్యార్థుల కోసం రచించిన ఉన్నత పాఠశాల వ్యాకరణం. ఇది తరువాతి కాలంలో ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన కూర్పుగా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఫ్రేజ్, క్లాజ్ అనే మాటలు వినగానే ఈనాటికీ మనకు స్ఫురించే నిర్వచనాలు ఈ సంప్రదాయానివే.

ఆ నిర్వచనాల సారాంశం ఇది : సంపూర్ణార్థం ఇవ్వకుండా, సొంత ఉద్దేశ్య విధేయాలు లేకుండా ఒక్క పదంలా పనిచేసే పదసముదాయం ఫ్రేజ్. పెద్ద వాక్యంలో భాగమై ఉండి, తనకంటూ ఉద్దేశ్యమూ విధేయమూ కలిగిన పదసముదాయం క్లాజ్. రెండూ నామంగా, విశేషణంగా, క్రియావిశేషణంగా ప్రవర్తించగలవు. ‘ద బాయ్ విత్ ద బ్లూ బ్యాగ్’ అన్నప్పుడు ‘విత్ ద బ్లూ బ్యాగ్’ విశేషణ ఫ్రేజ్. ‘ద బాయ్ హూ క్యారీజ్ ద బ్లూ బ్యాగ్’ అన్నప్పుడు ‘హూ క్యారీజ్ ద బ్లూ బ్యాగ్’ విశేషణ క్లాజ్. చేసే పని ఒకటే, నిర్మాణం వేరు. ఇంతవరకు విభజన స్పష్టంగానే ఉంది.

చిక్కు ఆ సంప్రదాయం లోపలే మొదలవుతుంది. ‘ద రెయిన్ హ్యావింగ్ స్టాప్డ్, ద చిల్డ్రన్ వెంట్ అవుట్’ అన్న వాక్యాన్ని చూడండి. ఇందులో ‘ద రెయిన్’ ఉద్దేశ్యం, ‘హ్యావింగ్ స్టాప్డ్’ దానిని గురించి చెప్పిన విధేయం. నిర్వచనాన్ని యథాతథంగా పాటిస్తే దీనిని క్లాజ్ అనాలి. కాని పాఠశాల వ్యాకరణం దీనికి నామినేటివ్ ఆబ్సల్యూట్ అని ప్రత్యేకమైన పేరు పెట్టి, ఫ్రేజ్‌ల కోవలోనే ఉంచుతుంది. రెండు సామాన్య వాక్యాలను కలిపి ఒకే సామాన్య వాక్యంగా చేసే పద్ధతులలో ఒకటిగా దీనిని బోధిస్తుంది. అంటే నిర్వచనం ఉద్దేశ్య విధేయాల గురించి మాట్లాడినా, తీర్పు మాత్రం సమాపక క్రియ ఉందా లేదా అన్నదానిని బట్టే వెలువడుతుంది. చెప్పిన లక్షణం ఒకటి, పాటించిన లక్షణం మరొకటి.

ఈ తేడా ఆంగ్లంలో పెద్దగా బాధించకపోవడానికి కారణం ఉంది. ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’, ‘ఇఫ్ హి కమ్స్’, ‘దట్ షి నోస్’ వంటి ఆంగ్ల ఉపవాక్యాలలో సముచ్చయ పదాన్ని తొలగిస్తే మిగిలిన భాగం తనంతట తాను వాక్యంగా నిలబడుతుంది. ఉద్దేశ్య విధేయ సంబంధం ఉన్న చోట సాధారణంగా సమాపక క్రియ కూడా ఉంటుంది కాబట్టి ఒకదాని బదులు మరొకదానిని పరీక్షించినా చాలా సందర్భాలలో ఫలితం మారదు.

3. తెలుగులో సమాపకత

తెలుగులో ఈ రెండూ కలిసి నడవవు. మొదట సమాపక క్రియ అంటే ఏమిటో చూడాలి. లింగ వచన పురుష ప్రత్యయాలు కలిగి ఉండడమే సమాపకత అనుకుంటే ‘నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వాళ్ళు వచ్చారు’ వరకు సరిపోతుంది. కాని ‘నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు’ అన్న వాక్యాలలో క్రియ ఎక్కడా మారలేదు. ‘నేను రావాలి, వాళ్ళు రావాలి’, ‘నువ్వు రావచ్చు, ఆమె రావచ్చు’, ‘ఎవరూ రాకూడదు’ వంటివీ ఇంతే. ఇవన్నీ నిస్సందేహంగా సంపూర్ణ వాక్యాలు. కనుక తెలుగులో పురుష బోధకత సమాపకతకు గుర్తు కావచ్చునే కాని, తప్పనిసరి లక్షణం కాదు.

రెండవది, తెలుగులో క్రియే లేని వాక్యాలు విరివిగా ఉన్నాయి. ‘ఆయన మా గురువు’, ‘ఈ ఊరు చిన్నది’, ‘నా పేరు సీత’. వీటిని క్రియ లోపించిన వాక్యాలుగా భావించి, ‘అయి ఉన్నాడు’, ‘అయి ఉన్నది’ అని పూరించడం ఆంగ్లంలోని ‘ఈజ్’ను తెలుగులో వెదకడమే. నామమే ఇక్కడ విధేయం. ఇటువంటి వాక్యం ఉపవాక్యం కూడా కాగలదు : ‘ఆయన మా గురువు అని అందరికీ తెలుసు’. ఇందులో ‘అని’కి ముందున్న భాగంలో సమాపక క్రియ లేదు, అసలు ఏ క్రియా లేదు. అయినా అది ఉపవాక్యమే.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ‘వాన వస్తే పంట పండుతుంది’ అన్నప్పుడు ‘వాన వస్తే’ అన్న భాగానికి ఆంగ్లానువాదం ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’. అది అక్కడ నిర్వివాదంగా క్లాజ్. తెలుగులో ‘వాన’ ఉద్దేశ్యం, ‘వస్తే’ విధేయం. కాని క్రియ అసమాపకం. పాఠశాల ఆంగ్ల వ్యాకరణం ఆచరణలో వాడే పరీక్షను తెలుగుకు పెడితే ఇది ఫ్రేజ్ అవుతుంది. అదే గ్రంథం రాతపూర్వకంగా ఇచ్చిన నిర్వచనాన్ని పెడితే క్లాజ్ అవుతుంది. ఆంగ్లంలో అరుదుగా బయటపడే వైరుధ్యం తెలుగులో అడుగడుగునా ఎదురవుతుంది.

4. అసమాపక ఉపవాక్యాల స్వరూపం

తెలుగులో ఆధారపడిన ఉపవాక్యం ఎక్కువగా అసమాపక రూపంలోనే ఉంటుంది. ‘వాన వచ్చి’, ‘వాన వస్తూ’, ‘వాన వస్తే’, ‘వాన వచ్చినా’, ‘వాన రాకుండా’, ‘వాన వచ్చేసరికి’ వంటి వాటిలో సముచ్చయ పదం చేసే పనిని క్రియారూపమే నిర్వహిస్తుంది. అందువల్ల ఆంగ్లంలోలాగా సముచ్చయాన్ని తీసివేసి మిగిలినదాన్ని వాక్యంగా నిలబెట్టే వీలు ఇక్కడ లేదు. విడిగా నిలబడలేకపోవడం వీటి పరాధీనతకు గుర్తు. ఉద్దేశ్య విధేయ సంబంధం లేదనడానికి అది గుర్తు కాదు.

ఈ విషయం ధాతుజ విశేషణంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ‘నేను చదివిన పుస్తకం’ అన్న దానిలో ‘నేను చదివిన’ అన్నది పైకి విశేషణంలా ఉంది. కాని ‘చదివిన, చదువుతున్న, చదివే, చదవని’ అని అది కాలభేదాన్ని, వ్యతిరేకార్థాన్ని చూపుతుంది. ‘నేను నిన్న రాత్రి దీపం ముందు కూర్చుని చదివిన పుస్తకం’ అని తనకు కావలసిన కారకాలను, క్రియావిశేషణాలను, మరొక ఉపవాక్యాన్ని కూడా కలుపుకుంటుంది. ‘ఎర్రని పుస్తకం’లోని ‘ఎర్రని’కి ఈ శక్తి లేదు. కాబట్టి మొదటిది ఉపవాక్యం, రెండవది పదబంధంలోని విశేషణం.

ద్రావిడ భాషలలో సంబంధ సర్వనామం లేకపోవడాన్ని, దాని స్థానాన్ని ఈ విశేషణ రూపం ఆక్రమించడాన్ని కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన తులనాత్మక వ్యాకరణంలోనే గుర్తించారు. ఆ గుర్తింపునకు ఒక అనుబంధం అవసరం. ఆంగ్ల సంబంధ సర్వనామం విశేష్యానికి, ఉపవాక్యంలోని క్రియకు గల కారక సంబంధాన్ని ప్రకటిస్తుంది. తెలుగు ధాతుజ విశేషణం దానిని శ్రోత గ్రహింపునకు వదులుతుంది. ‘నేను రాసిన ఉత్తరం’లో ఉత్తరం కర్మ, ‘నేను రాసిన కలం’లో కలం కరణం, ‘నేను రాసిన రోజు’లో రోజు అధికరణం. క్రియారూపం మూడింటిలోనూ ఒకటే. ఆంగ్లంలో ఈ మూడింటికి మూడు రకాల నిర్మాణాలు కావాలి. ‘రాసిన’ అన్నది ఫ్రేజ్ అని చెప్పి వదిలివేస్తే ఈ భేదాన్ని వివరించే దారి మూసుకుపోతుంది. ఉద్దేశ్య విధేయ సంబంధం ఉన్న ఉపవాక్యంగా చూస్తేనే ఏ కారక స్థానం ఖాళీగా ఉందో, విశేష్యం దేనిని పూరిస్తున్నదో చెప్పగలం.

క్రియాజన్య నామాల విషయంలోనూ ఇదే సూత్రం ఉపయోగపడుతుంది. ‘చదువు’, ‘చదవడం’ రెండూ నామాలే. కాని ‘ఆమె పుస్తకాన్ని శ్రద్ధగా చదవడం నాకు నచ్చింది’ అనగలం. ‘ఆమె పుస్తకాన్ని శ్రద్ధగా చదువు నాకు నచ్చింది’ అనలేం. ‘ఆమె చదువు’, ‘శ్రద్ధగల చదువు’ అనాలి. మొదటిది ప్రథమావిభక్తిలో కర్తను, ద్వితీయలో కర్మను, క్రియావిశేషణాన్ని స్వీకరించింది. రెండవది షష్ఠ్యర్థాన్ని, విశేషణాన్ని మాత్రమే స్వీకరిస్తుంది. ఒకటి నామస్థానంలో ఉన్న ఉపవాక్యం, మరొకటి నామబంధం.

5. సంప్రదాయ పరిభాష ఏమి చెప్పింది, ఏమి చెప్పలేదు

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాల గ్రంథం. వాటిలో వాక్యానికి ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. వాక్యానికి సంబంధించిన అంశాలు కారక, క్రియా పరిచ్ఛేదాది భాగాలలో సర్దుకున్నాయి. క్త్వార్థకం, శత్రర్థకం, తుమర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మనం వాడే పేర్లు సంస్కృతంలోని క్త్వా, శతృ, తుమున్ ప్రత్యయాల అర్థాన్ని, చేత్, అపి అనే అవ్యయాల అర్థాన్ని ఇచ్చే తెలుగు రూపాలకు పెట్టినవి. ఇవన్నీ క్రియారూపాల పేర్లు. ఆ రూపం తన వెంట తెచ్చుకునే కర్తృకర్మాదులతో కూడిన సముదాయానికి ఈ పరిభాషలో పేరు లేదు. ఆ ఖాళీలోకే ఆంగ్ల వ్యాకరణం నుంచి ‘ఉపవాక్యం’, ‘పదబంధం’ అన్న అనువాద పరిభాష వచ్చి చేరింది.

సంస్కృత పరిభాష మరొక నియమాన్ని కూడా మోసుకొచ్చింది. క్త్వా ప్రత్యయం రెండు క్రియలకూ ఒకే కర్త ఉన్నప్పుడు, పూర్వకాల క్రియకు వస్తుందని పాణినీయం. తెలుగు క్త్వార్థకం చాలావరకు దీనిని పాటిస్తుంది. అయినా ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ అన్నప్పుడు కర్తలు ఇద్దరు. ‘నేను ఈ ఊరు వచ్చి పదేళ్ళయింది’ అన్నప్పుడు ‘వచ్చి’కి ‘నేను’, ‘అయింది’కి ‘పదేళ్ళు’ ఉద్దేశ్యాలు. మొదటిదానిలో కార్యకారణ బంధం, రెండవదానిలో కాలగణన ఈ వెసులుబాటును ఇస్తున్నాయి. క్త్వార్థక క్రియ తన సొంత ఉద్దేశ్యాన్ని ధరించగలదనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అక్కరలేదు. ‘క్త్వార్థకం’ అన్న పేరు వద్దే ఆగితే ఇవి అపవాదాలుగా మిగులుతాయి. ఉపవాక్యంగా గుర్తిస్తే వివరించదగిన ఉదాహరణలవుతాయి.

వాక్యాన్ని గురించిన సంస్కృత చర్చలోనూ రెండు దారులున్నాయి. ఒక్క తిఙంతం కలది వాక్యమన్న కాత్యాయన వార్తికం రూపాన్ని పట్టుకుంది. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అన్న లక్షణాలు పదాల మధ్య అన్వయాన్ని పట్టుకున్నాయి. తెలుగు ఉపవాక్య నిర్ణయానికి రెండవ దారి దగ్గరగా ఉంది. ‘వాన వస్తే’లో వాన, వస్తే అన్న పదాల మధ్య ఆకాంక్ష తీరింది. తీరనిది ప్రధాన వాక్యం కోసం దానికున్న ఆకాంక్ష.

6. పాఠ్యపుస్తక నిర్వచనంలోని కొరతలు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తెలుగు పాఠ్యపుస్తకాలదే సరైన మార్గమని, ఆంగ్ల పాఠశాల వ్యాకరణానిదే దోషమని తేల్చడం తొందరపాటు. ‘ఒక సమాపక క్రియ, ఒకటి గాని అంతకంటె ఎక్కువగాని అసమాపక క్రియలు కలది సంశ్లిష్ట వాక్యం’ అన్న తరహా నిర్వచనంలో రెండు కొరతలు ఉన్నాయి.

మొదటిది అవ్యాప్తి. ‘రవి రేపు వస్తాడని సీత చెప్పింది’ అన్న వాక్యంలో ‘వస్తాడు’, ‘చెప్పింది’ రెండూ సమాపక క్రియలు. ‘అని’ని అసమాపక క్రియగా లెక్కించినా, ఒక్క సమాపక క్రియ అన్న నియమం తప్పుతుంది. పోనీ సంయుక్త వాక్యమందామంటే రెండు భాగాలకూ సమప్రాధాన్యం లేదు; మొదటిది రెండవదానికి కర్మస్థానంలో ఉంది. ‘ఎవరు వచ్చారో తెలియదు’ అన్నదీ ఇంతే. పాఠ్యపుస్తకాలు మొదటి రకాన్ని పరోక్ష కథనం కింద వేరుగా బోధించి ఈ చిక్కును దాటవేస్తున్నాయి.

రెండవది అతివ్యాప్తి. ‘ఉత్తరం రాసి బల్ల మీద పెట్టాడు’ అన్నప్పుడు రాయడం ఒక పని, పెట్టడం మరొక పని. ‘నాకు ఉత్తరం రాసిపెట్టాడు’ అన్నప్పుడు రాయడం ఒక్కటే పని. ‘పెట్టు’ పరోపకారార్థాన్ని చేర్చే సహాయక క్రియ. ‘పడిపోయాడు’, ‘చూసుకొన్నాడు’ మొదలైనవీ ఇటువంటివే. ‘ఊరంతా తిరిగి ఇల్లు చేరాడు’లోని ‘తిరిగి’ క్రియ. ‘వ్యాసాన్ని తిరిగి రాశాడు’లోని ‘తిరిగి’ అవ్యయప్రాయం. ‘గురించి’ వంటివి పూర్తిగా విభక్త్యర్థకాలుగా స్థిరపడ్డాయి. అసమాపక రూపం కనిపించినంత మాత్రాన ఉపవాక్యం ఉన్నట్లు కాదు.

కనుక రూపాన్ని లెక్కించడానికి ముందు మూడు పరీక్షలు అవసరం. ఒకటి, ఆ క్రియకు ఉద్దేశ్యాన్ని వేరుగా చెప్పగలమా, లేదా పూరించగలమా? రెండు, అది తన సొంత కారకాలను, క్రియావిశేషణాలను స్వీకరిస్తుందా? మూడు, దానిని విడిగా వ్యతిరేకించగలమా? ‘రాసి బల్ల మీద పెట్టాడు’ను ‘రాయకుండా బల్ల మీద పెట్టాడు’ అని మార్చవచ్చు. ‘రాసిపెట్టాడు’ను అదే అర్థంలో అలా మార్చలేం. అలాగే ‘రవి అన్నం తిని బడికి వెళ్ళలేదు’ అన్న వాక్యానికి రెండర్థాలున్నాయి. తిన్నాడు కాని వెళ్ళలేదని ఒకటి. వెళ్ళాడు కాని తిని వెళ్ళలేదని మరొకటి. వ్యతిరేకార్థం ఏ భాగాన్ని తాకుతుందన్న సందేహం కలగడమే అక్కడ రెండు విధేయాలు ఉన్నాయనడానికి రుజువు. ‘రవి పడిపోలేదు’ అన్నప్పుడు ఇటువంటి సందేహానికి తావు లేదు.

7. ఆధునిక వ్యాకరణాల సాక్ష్యం

ఆంగ్ల వ్యాకరణమంటే రెన్, మార్టిన్‌ల గ్రంథమే కాదు. సమాపక క్రియ లేకపోయినా ఉద్దేశ్య విధేయ సంబంధం ఉండగలదని ఒట్టో యెస్పర్సన్ 1924లో ప్రచురించిన ‘ద ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’లో ప్రతిపాదించి, ఆ సంబంధానికి ‘నెక్సస్’ అని పేరు పెట్టారు. విశేషణ విశేష్య సంబంధానికి ‘జంక్షన్’ అన్నారు. ‘కుక్క మొరుగుతోంది’, ‘మొరిగే కుక్క’ అన్న వాటి మధ్య తేడాను గుర్తించడానికి ఇది ఉపకరిస్తుంది. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం సమాపక, అసమాపక, క్రియారహిత క్లాజ్‌లని మూడు తెగలను స్పష్టంగా అంగీకరించింది. ఆ లెక్కన ‘హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్’ అసమాపక క్లాజ్. అంటే మన తెలుగు పాఠ్యపుస్తకాలు ‘పని ముగించుకొని’ ఉన్న వాక్యాన్ని సంశ్లిష్టమనడానికి ఆధునిక ఆంగ్ల వ్యాకరణం అభ్యంతరం చెప్పదు. వెనకబడి ఉన్నది పాఠశాల వ్యాకరణం.

తెలుగులో చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) పరివర్తన వ్యాకరణ దృష్టితో ఈ నిర్మాణాలను వాక్యాల నుంచి నిష్పన్నమైనవిగా వివరించింది. సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాల పేర్లు ఆ గ్రంథం చదివినవారికి సుపరిచితాలు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ల ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) ఆధునిక వ్యవహారంలోని ఈ రూపాలను విస్తృతంగా వర్ణించింది. అయితే చేరా గ్రంథంలో సిద్ధాంతం ఆధారంగా నిలిచిన వర్గీకరణ, పాఠ్యపుస్తకాలకు చేరేసరికి క్రియారూపాల లెక్కగా కుదించుకుపోయింది. ‘సంశ్లిష్టం’ అన్న పేరు మిగిలింది. ఒక వాక్యంలో మరొక వాక్యం ఇమిడి ఉందన్న ఆలోచన జారిపోయింది.

8. ఈ విభజన వల్ల ఏమి కోల్పోతున్నాం

ఇది కేవలం పరిభాషకు సంబంధించిన వివాదమైతే ఇంత చర్చ అక్కరలేదు. దీని ప్రభావం మూడు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది బోధన. ‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ స్నేక్ బిట్ హిమ్’ అని రాసిన విద్యార్థికి, నడిచింది పాము అన్న అర్థం వస్తుందని చెప్పి తప్పు దిద్దుతారు. ఈ వివేచన ఆ విద్యార్థికి తెలుగులో ముందే ఉంది. ‘దారిలో నడుస్తూ పాము అతన్ని కరిచింది’ అని అతడు ఎన్నడూ అనడు. ‘దారిలో నడుస్తుంటే పాము అతన్ని కరిచింది’ అంటాడు. ఉద్దేశ్యం ఒకటే అయినప్పుడు ‘నడుస్తూ’, మారినప్పుడు ‘నడుస్తుంటే’ అని అతని భాష వేరు చేస్తూనే ఉంది. ఆంగ్లంలో ‘వాకింగ్’ను ‘నడుస్తూ’తో జత చేసి, ‘నడుస్తుంటే’కు ‘వైల్ హి వాజ్ వాకింగ్’ అన్న క్లాజ్ కావాలని చూపితే సరిపోతుంది. ‘వాకింగ్ ఆన్ ద రోడ్’ ఫ్రేజ్ కాబట్టి దానికి ఉద్దేశ్యమే లేదని బోధించిన తరువాత, దాని ఉద్దేశ్యం తప్పిందని దిద్దడం పరస్పర విరుద్ధం.

రెండవది అనువాదం. సమాపక క్రియ ఉన్నదే క్లాజ్ అన్న భావన స్థిరపడితే, ఆంగ్ల సంబంధ ఉపవాక్యానికి తెలుగులోనూ సమాపక క్రియ ఉన్న నిర్మాణాన్నే వెదుకుతాం. ‘నిన్న నేను కొన్న పుస్తకం పోయింది’ అనవలసిన చోట ‘నిన్న ఏ పుస్తకాన్నైతే నేను కొన్నానో ఆ పుస్తకం పోయింది’ అన్న వాక్యం అలా పుడుతుంది. వార్తా ప్రసారాల్లో వినిపించే ‘ఏదైతే ఉందో’ ధోరణికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటని నా అభిప్రాయం. యత్తదర్థక నిర్మాణం తెలుగుకు పరాయిది కాదు. ‘ఎంత చెట్టుకు అంత గాలి’ అన్న సామెత, ‘ఎవరు ముందు వస్తే వారికే’ అన్న వాడుక అందుకు సాక్ష్యం. కాని అవి అనిశ్చితార్థాన్ని, పరిమాణ సామ్యాన్ని చెప్పే చోట్లు. నిశ్చితమైన ఒక పుస్తకాన్ని గురించి చెప్పడానికి ధాతుజ విశేషణమే సహజం.

మూడవది సాహిత్య పరిశోధన. శైలీ పరిశీలనలో వాక్య దైర్ఘ్యాన్ని, సంక్లిష్టతను లెక్కించే సందర్భాలున్నాయి. ఈ ఉదాహరణ వాక్యాన్ని పరిశీలించండి : ‘వేటగాడు వల పన్ని, నూకలు చల్లి, చెట్టు చాటున దాగి, పక్షులు వాలగానే ముందుకు దూకి వల లాగాడు.’ సమాపక క్రియలను లెక్కిస్తే ఇందులో ఒకే ఒక్క ఉపవాక్యం. పాఠశాల ఆంగ్ల పద్ధతిలో అనువదించి లెక్కిస్తే ‘పక్షులు వాలగానే’ ఒక క్లాజ్‌గా మారుతుంది కాబట్టి రెండు. ఉద్దేశ్య విధేయ సంబంధాలను లెక్కిస్తే ఆరు. నీతిచంద్రిక (1853) వంటి గ్రంథంలోని వచనాన్ని ఇరవయ్యో శతాబ్ది వ్యావహారిక వచనంతో పోల్చేటప్పుడు ఏ లెక్క తీసుకున్నామన్న దానిపై నిర్ణయం తారుమారవుతుంది. మొదటి లెక్కలో క్త్వార్థక మాలికలతో సాగే దీర్ఘ వాక్యం ‘సరళం’గా తేలుతుంది, చిన్న చిన్న వాక్యాలను ‘అని’తో కలిపిన రచన దానికంటె ‘సంక్లిష్టం’గా కనిపిస్తుంది. పాఠకుని అనుభవానికి ఇది విరుద్ధం. పరిశోధకులు తాము లెక్కించిన ప్రమాణమేమిటో చెప్పని పట్టికలకు విలువ ఉండదు.

9. ప్రతిపాదన

ప్రతి అసమాపక సముదాయాన్నీ ఉపవాక్యమంటే పదబంధమన్న వర్గం కుంచించుకుపోతుందన్న ఆక్షేపణ రావచ్చు. ‘ఊరి చివరి చెరువు’, ‘గుడి వెనక’, ‘నల్లని మబ్బు’ వంటివి పదబంధాలుగానే ఉంటాయి. ‘వచ్చే నెల’, ‘చదువుకున్న మనిషి’ వంటి వాటిలో క్రియార్థం క్షీణించి విశేషణార్థం స్థిరపడుతోంది. అటువంటివి సరిహద్దు ఉదాహరణలు. సరిహద్దులో సందిగ్ధత ఉండడం వర్గీకరణ దోషం కాదు. భాష మారుతున్న చోటును అది చూపుతుంది.

ఉద్దేశ్య విధేయ సంబంధం ఉందా అన్నది ఒక ప్రశ్న. ఉందంటే ఉపవాక్యం, లేదంటే పదబంధం. ఆ ఉపవాక్యం తనంతట తాను నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న. నిలబడితే స్వతంత్రం, లేకపోతే పరాధీనం. సమాపకత రెండవ ప్రశ్నకు ఒక సూచిక మాత్రమే. ఈ రెండు ప్రశ్నలను విడదీస్తే ‘ఆయన మా గురువు’ క్రియ లేకపోయినా స్వతంత్ర ఉపవాక్యం. ‘వాన వస్తే’ అసమాపకమైన పరాధీన ఉపవాక్యం. ‘రవి వస్తాడని’ సమాపకమైన పరాధీన ఉపవాక్యం. సంశ్లిష్ట వాక్యాన్ని ‘ఒకటి గాని అంతకంటె ఎక్కువగాని పరాధీన ఉపవాక్యాలు ఇమిడి ఉన్న వాక్యం’ అని నిర్వచిస్తే అవ్యాప్తి, అతివ్యాప్తి రెండూ తొలగుతాయి.

10. ముగింపు

ఆంగ్ల పాఠశాల వ్యాకరణం ఫ్రేజ్‌కు, క్లాజ్‌కు మధ్య గీసిన గీత ఆంగ్ల ఉపవాక్యాల సాధారణ స్వరూపానికి సరిపోయే గీత. దానిని భాషాసామాన్యమైన సత్యంగా స్వీకరించినందువల్ల తెలుగు ఉపవాక్యాలలో అధికభాగం పదబంధాలుగా పొరబడబడుతున్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనికి లోబడకపోయినా, తమ వర్గీకరణకు ఆధారమేమిటో చెప్పకుండా క్రియారూపాల లెక్కతో సరిపెట్టుకున్నాయి. రెండు బోధనలూ ఉద్దేశ్య విధేయ సంబంధాన్ని పునాదిగా తీసుకుంటే ఒకే విద్యార్థికి రెండు విరుద్ధ సమాధానాలు నేర్పవలసిన అవసరం ఉండదు. ఆంగ్ల ఉపాధ్యాయుడు ‘హ్యావింగ్ ఫినిష్డ్’ను వివరించేటప్పుడు ‘ముగించుకొని’ని, తెలుగు ఉపాధ్యాయుడు ‘వస్తే’ను వివరించేటప్పుడు ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ను పక్కన పెట్టి చూపగలిగే వీలు కలుగుతుంది. మాండలికాలలోని అసమాపక రూపాలను, ప్రాచీన కావ్యభాషలోని క్త్వార్థక మాలికలను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.